సముద్రపు గడ్డికి నేను పెట్టిన సంతకం

ముందుగా

పోయిన నెల మా పాత ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. "మేడం, యాంటీ ఆక్సిడెంట్ టెస్టుకి ట్యూబులు చీకట్లో ఎంతసేపు ఉంచాలండీ?" అని అడిగింది. అరగంట అని చెప్పాను. థాంక్యూ అని పెట్టేసింది. ఆ పిల్లకి కావలసింది అంతే. నాకు మాత్రం ఫోన్ పెట్టేశాక చాలాసేపు గుండెదడ తగ్గలేదు. ఆ టెస్టు పేరు వింటే ఇప్పుడు నాకు అలాగే ఉంటోంది. అరగంట అన్న మాట కాక ఆ పిల్లకి చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. ఫోన్లో చెబితే తెగేది కాదు కాబట్టి రాస్తున్నాను.

నా పేరు ఎస్తేరు. తిరువూరులో ఒక ప్రైవేటు పరీక్షల ల్యాబులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి, ఏడాదిన్నర కిందట రిటైరయ్యాను. జీతం ఎప్పుడు పెరిగింది, సీనియర్ అని ఎప్పుడు పిలిచారు లాంటివి ఇక్కడ రాయను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి పుస్తకాలున్నాయి, సెల్లులో వీడియోలున్నాయి, ఇంగ్లీషు మాకంటే బాగా వచ్చు. కొలవడం ఎలాగో మీరు నేర్చుకుంటారు. కొలిచిన అంకె మన బల్ల దాటి వెళ్ళాక ఏం చేస్తుందో ఎవరూ నేర్పరు. నేను దాన్ని మా సొంత అక్క మీద నేర్చుకున్నాను.

ఊదారంగు

మా ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. అద్దె ఇంటి కింది భాగంలో మూడు గదులు. రెడ్డిగూడెం వైపు నుంచి మామిడి గుజ్జు వచ్చేది. గంపలగూడెం నుంచి కారం, గానుగ నూనె వచ్చేవి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బోరు నీళ్ళు తెచ్చేవాళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు ఎంత తక్కువగా వచ్చేదంటే మిషను మీద అంకెలు నిలబడేవి కావు. ఆ వేళ టెస్టులు చెయ్యకూడదని మాలో మేమే ఒక రూలు పెట్టుకున్నాం. పెద్ద కంపెనీ వాళ్ళు ఎవరైనా ల్యాబు చూస్తామని వస్తే మా ఓనరుగారు వాళ్ళని గుమ్మంలోనే కూర్చోబెట్టి, కూల్‌డ్రింకులు తెప్పించి, మాటల్లో పెట్టి పంపేసేవారు.

యాంటీ ఆక్సిడెంట్ టెస్టు నా ఉద్యోగం చివర్లో వచ్చి పడ్డ పని. అరటికాయ ముక్కలు కోసి ఊరికే వదిలేస్తే నల్లబడతాయి, పుల్లమజ్జిగలో వేస్తే నల్లబడవు. గాలి తగిలి పాడవకుండా అలా ఆపే గుణం దేనిలో ఎంత ఉందో చూడడమే ఈ టెస్టు. దీనికి ఊదారంగు మందు ఒకటి ఉంటుంది. దాన్ని స్పిరిట్ లాంటి ద్రవంలో కరిగిస్తాం. పరీక్ష చెయ్యాల్సిన ఆకునో కాయనో ఎండబెట్టి, పొడి కొట్టి, నానబెట్టి, వడగట్టి, ఆ రసం కొంచెం ఇందులో వేస్తాం. అరగంట చీకట్లో ఉంచుతాం. గుణం ఉంటే ఊదారంగు పోయి పసుపు తిరుగుతుంది. ఎంత పోయిందో మిషను చెబుతుంది. పక్కనే విటమిన్ సి తో కూడా చేసి, దానితో పోల్చి రిపోర్టు రాస్తాం.

చూడ్డానికి చాలా ముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటే మన కొంప ముంచుతుంది. టీ పొడి వేసినా రంగు మారుతుంది, కరివేపాకు వేసినా మారుతుంది, చింతచిగురు వేసినా మారుతుంది. ట్యూబులో రంగు మారినంత మాత్రాన మనిషి ఒంట్లో జబ్బు తగ్గుతుందని ఎక్కడా లేదు. ఈ సంగతి మా అందరికీ తెలుసు. రిపోర్టులో మాత్రం ఒక్కసారి కూడా రాయలేదు. సరుకు పంపిన పార్టీ అడగలేదు, మేం రాయలేదు.

తాజుద్దీన్ సారు

నాకు పని నేర్పింది తాజుద్దీన్ సారు. వాళ్ళ అన్నదమ్ములందరూ సైకిల్ షాపులు, లారీల పనుల్లో ఉంటే ఈయన ఒక్కరే కెమిస్ట్రీ చదివి మా ల్యాబుకి హెడ్డుగా వచ్చారు. చిరాకు మనిషి. ట్యూబు కింద పెట్టిన చప్పుడు కాస్త గట్టిగా వినపడితే వెనక్కి తిరగకుండానే "అది గాజు, ఇత్తడి కాదు" అనేవారు. ఆయన దగ్గర మొదటి రెండేళ్ళు నేను ఏడవని వారం లేదు.

ఒకసారి మామిడి గుజ్జులో విటమిన్ సి చూడమని ఒక పార్టీ పంపాడు. నేను చేస్తే చాలా బాగా వచ్చింది. సంతోషంగా కాగితం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూసి కళ్ళజోడు తీసేశారు.

"ఎవరు తెచ్చారమ్మా డబ్బా?" అని అడిగారు.

"డ్రైవరండీ."

"పిలువు."

డ్రైవరు ఇంకా బయటే టీ తాగుతున్నాడు. సారు కాసేపు అతనితో మామిడి ధరల గురించి మాట్లాడి, మధ్యలో మామూలుగా అడిగినట్టు, "దారిలో గుజ్జు నల్లబడకుండా భలే తెచ్చావయ్యా, ఏం చేశావు?" అన్నారు. అతను పొంగిపోయి, "రెండు నిమ్మకాయలు పిండానండీ, మా ఇంట్లో అట్టాగే చేస్తాం" అన్నాడు. పాపం అతను మోసం చెయ్యలేదు. సరుకు పాడవకూడదని ఇంట్లో చేసే పనే చేశాడు.

డ్రైవరు వెళ్ళాక సారు నాతో అన్న మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఎస్తేరమ్మా, చెడ్డ అంకె వస్తే పార్టీయే గొడవ చేస్తాడు, మళ్ళీ చేయిస్తాడు. మంచి అంకె వచ్చిందనుకో, అడిగేవాడు ఉండడు. అప్పుడు భయపడాల్సింది మనమే."

నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు. ఆ మాటని నా ఒంట్లోకి ఎక్కించుకున్నాననే అనుకున్నాను. సారు రిటైరై వెళ్ళిపోయాక ఆ భయం కూడా ఆయనతోపాటే వెళ్ళిపోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

రెండు గోతాల గడ్డి

సారు తర్వాత ఓనరుగారి అల్లుడు కిరణ్ మేనేజరుగా వచ్చాడు. కుర్రాడు మంచివాడే. కసురుకోవడం, కేకలు వెయ్యడం లేవు. "మేడం, సాయంత్రానికి అయిపోతుందా?" అని నవ్వుతూ అడిగేవాడు. నా అనుభవంలో కసిరే బాసు కంటే నవ్వుతూ తొందరపెట్టే బాసే ప్రమాదం. కసిరేవాడి ముందు మనం జాగ్రత్తగా ఉంటాం. నవ్వేవాడిని నిరాశపరచడానికి మనకి మనసొప్పదు.

నా ఉద్యోగం చివరి ఏడాది వానాకాలంలో శ్రీనివాసు అనే ఆయన రెండు గోతాలు తెచ్చి దింపాడు. ఇంతకుముందు పురుగుమందుల వ్యాపారం చేసేవాడు. గోతాంలో చెయ్యి పెడితే రిబ్బన్ల లాంటి ఎండు ఆకులు, మట్టిరంగులో ఉన్నాయి.

"నాచా అండీ ఇది?" అని అడిగాను.

"నాచు కాదు మేడం, గడ్డి. సముద్రం అడుగున మొలుస్తుంది. వేళ్ళుంటాయి, పువ్వులు కూడా పూస్తాయంట. ఒడ్డుకి కొట్టుకొచ్చింది ఏరించుకొచ్చాను. దీంట్లో యాంటీ ఆక్సిడెంట్లు బాగా ఉంటాయంటున్నారు, ఎంతున్నాయో మీరు చెప్పాలి."

సరిగ్గా అప్పుడే, రంగు కొలిచే మా మిషను లోపలి దీపం పోయింది. కొత్తది రావడానికి చాలా రోజులు పట్టింది. గోతాలు స్టోరు గదిలో ఉన్నాయి. బయట ముసురు. ఒకరోజు చూస్తే గోతాం మూల చెమ్మ ఎక్కి, సన్న పురుగు కనిపించింది. పార్టీ సరుకు నా చేతిలో పాడైపోతుందే అని భయమేసింది. వెనక వీధిలో వేపచెట్టు ఉంది. నాలుగు రెమ్మలు దూసి, ఎండబెట్టి, గడ్డి మధ్యలో పొరలు పొరలుగా వేశాను. పెనుగొలనులో మా అమ్మ మినుములకీ పెసలకీ అలాగే వేసేది. నేను ఆ ఇంట్లో పుట్టినదాన్ని. పురుగు కనిపిస్తే వేపాకు వెయ్యడానికి నాకు ఆలోచన అక్కర్లేదు. అందుకే అది రిజిస్టరులో రాయాలని కూడా తోచలేదు. అన్నం వండే ముందు బియ్యం కడిగానని ఎవరైనా రాస్తారా?

దీపం వచ్చాక వేపాకంతా చేత్తో ఏరేశాను. ఏరానని నా నమ్మకం. గడ్డిని నీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, మిక్సీలో పొడి కొట్టాను. కొడుతుంటే లేచిన దుమ్ము గొంతులోకి వెళ్ళి సాయంత్రం దాకా చేదుగా ఉంది. సముద్రం సరుకు ఇలాగే ఉంటుందేమోలే అనుకుని నీళ్ళు తాగి ఊరుకున్నాను.

ఆ పొడి రసం వేసిన ట్యూబులు అరగంటలో నిమ్మపండు రంగుకి వచ్చేశాయి. విటమిన్ సి కి దగ్గర దగ్గరగా వచ్చింది అంకె. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఒకే పొడితో మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అంతే వస్తుందని ఇప్పుడు తెలిసినంత బాగా అప్పుడూ తెలుసు. కిరణ్ స్వీట్లు తెప్పించాడు. రిటైరయ్యే ముందు మంచి రిపోర్టు ఇచ్చారు మేడం అన్నాడు. నాకు చాలా సంతోషంగా ఉంది. భయం ఇసుమంతైనా లేదు. సంతకం పెట్టాను.

మజ్జిగ

మా అక్క రాహేలు పెనుగొలనులోనే ఉంటుంది. నాకంటే ఏడేళ్ళు పెద్ద. జీవితమంతా పత్తి తీసి, మిరపకాయలు కోసి, నన్ను డిగ్రీ చదివించింది. నేను తెల్లకోటు వేసుకున్న ఫోటో వాళ్ళింట్లో గోడకి ఉంటుంది. ఆమెకి బీపీ చాలా కాలం నుంచీ ఉంది, రోజూ మాత్ర వేసుకోవాలి.

రిటైరయ్యాక ఒక శనివారం ఆమెని చూసి వద్దామని వెళ్ళాను. షేర్ ఆటో దిగి ఇంట్లోకి వెళ్ళీ వెళ్ళగానే అక్క గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. అందులో ఏదో పొడి తేలుతోంది.

"తాగవే, నీ పొడే," అంది.

"నా పొడేంటి?"

"సముద్రం గడ్డి పొడి. నువ్వు టెస్టు చేసిందే." లోపలికి వెళ్ళి బైబిలు తెచ్చి, డబ్బాతోపాటు ఇచ్చిన జిరాక్సు, అందులో మడత పెట్టి దాచుకున్నది, తీసి చూపించింది. మా ల్యాబు రిపోర్టు. కింద నా సంతకం. పొడి డబ్బా మీద కూడా అదే అంకె పెద్ద అక్షరాలతో అచ్చేసి ఉంది. దాని కింద బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు అని రాసి ఉంది. ఆ మూడు మాటలూ నేను రాయలేదు. నేను రాసిన అంకె పక్కన అవి చక్కగా ఇమిడిపోయాయి.

గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

"చేదుండదు, అదే దీని గొప్ప," అంది అక్క. "మందులన్నీ చేదే కదా, ఇది ఎంచక్కా తాగెయ్యొచ్చు."

ఆ మాట విని గ్లాసు కింద పెట్టేశాను. ఆ రోజు మిక్సీ దగ్గర నా గొంతు సాయంత్రం దాకా ఎందుకు చేదుగా ఉందో అక్కడ, అక్క మంచం మీద కూర్చుని ఉండగా తెలిసింది. గడ్డికి చేదు లేదు. నేను కొలిచింది గడ్డిని కాదు.

"బీపీ మాత్ర వేసుకుంటున్నావా అక్కా?" అని అడిగాను.

అక్క కోడలు సునీత వంటింట్లోంచి సమాధానం చెప్పింది. "మానేసి మూడు వారాలైంది చిన్నత్తయ్యా. నేను చెబితే వింటారా? చెల్లెలు సంతకం పెట్టింది కదా అంటారు."

అక్క కాళ్ళవైపు చూశాను. పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీల గుర్తులు పడి ఉన్నాయి. మెడ వెనక చేత్తో రాసుకుంటోంది. ఏమైందంటే, "కొంచెం పట్టేసింది, అంతే" అంది. మాత్ర మానేసి రోజూ రెండు పూటలా ఉప్పు పొడి తాగుతున్న మనిషికి మెడ పట్టేస్తే దాని అర్థమేమిటో నాకు తెలుసు. ఊరి నర్సమ్మని పిలిపించాను. ఆమె బీపీ చూసి, మళ్ళీ ఇంకో చేతికి కట్టి చూసి, నన్ను బయటికి రమ్మంది. "పైది రెండొందలు దాటిందండీ. ఇవాళే మాత్ర పడాలి, రేపు డాక్టరుకి చూపించాలి. ఏ క్షణాన ఏమవుద్దో చెప్పలేం" అంది.

లోపలికి వచ్చి అక్క ముందు కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రిపోర్టు తప్పు, పొడి ఆపెయ్యి, మాత్ర వేసుకో అన్నాను.

అక్క నవ్వింది. "ఏంటే ఎస్తేరూ, ఆ రోజు ఉద్యోగంలో ఉన్నావు, పది మంది చూస్తారని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసుంటావు. ఇవాళ ఖాళీగా కూర్చున్నావు కాబట్టి లేనిపోని అనుమానాలు పుడుతున్నాయి."

"అనుమానం కాదక్కా, తప్పు చేశాను."

"కాగితం మీద నీ చేత్తో పెట్టిన సంతకం నమ్మాలా, ఇప్పుడు నోటితో చెప్పేది నమ్మాలా? నేను చర్చిలో సాక్ష్యం కూడా చెప్పాను. నా చెల్లెలే పరీక్ష చేసిందని చెబితే ఎనిమిది మంది కొనుక్కున్నారు. ఇప్పుడు కాదంటే ఎట్టా?"

బతిమాలాను, కోప్పడ్డాను, ఏడ్చాను. ఆమె కదల్లేదు. నా మాటకి ఎదురుగా నా సంతకం నిలబడింది. ఆమె నమ్మకమంతా దాని వైపే ఉంది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పక్క మంచంలో ఆమె ఊపిరి వింటూ ఉన్నాను తప్ప కన్ను మూతపడలేదు.

దాచిన పొట్లం

పరీక్ష అయ్యాక ప్రతి సరుకులోనూ కొంచెం సీలు వేసి దాచాలి. మా స్టోరులో అలా దాచినవి ఎవరూ తీసి పారెయ్యరు, బద్ధకం. ఆ బద్ధకమే ఆ రోజు నాకు మేలు చేసింది. పొద్దున్నే అక్క డబ్బాలోంచి రెండు చెంచాల పొడి కాగితంలో కట్టుకుని తిరువూరు వచ్చి, ఆదివారమైనా కిరణ్‌ని ల్యాబుకి పిలిచాను. అంతా విన్నాక అతని మొహం పాలిపోయింది.

"రిపోర్టు తప్పని ల్యాబు పేరు మీద కాగితమిస్తే మనం మూసుకోవాల్సిందే మేడం," అన్నాడు.

"ఇవ్వకపోతే మా అక్క పోతుంది బాబూ."

లేచి సొరుగు తీశాడు. స్టోరు తాళంచెవి బల్ల మీద పెట్టి, "నేను ఇంటికెళుతున్నాను. మీరు ఏం చేశారో నేను చూడలేదు" అన్నాడు. అతన్ని పిరికివాడని అనడానికి నాకు నోరు లేదు. అతను భయపడాల్సిన రోజున భయపడ్డాడు. నేను భయపడాల్సిన రోజున స్వీటు తిన్నాను.

ఆ రోజు దాచిన గడ్డి పొడి పొట్లం దొరికింది. తెల్ల కాగితం మీద పరిచి భూతద్దం పెట్టి చూశాను. పొడిలో అక్కడక్కడా నలగని తునకలు మిగిలాయి. సముద్రపు గడ్డి ఆకు అంచు నున్నగా, గీత గీసినట్టు ఉంటుంది. వేపాకు అంచుకి రంపం పళ్ళుంటాయి. ఆ పొడిలో రంపం పళ్ళున్న తునకలు లెక్కలేనన్ని కనిపించాయి. ఆకులు ఏరాను కానీ, ఎండి నలిగి రాలినదంతా గడ్డిలోనే ఉండిపోయింది. ఒక పక్కన, అంతా నా భ్రమేనేమో, రిపోర్టు సరైనదేనేమో అని అప్పటిదాకా చిన్న ఆశ ఉండేది. అది కూడా పోయింది.

అక్క డబ్బాలోంచి తెచ్చిన పొడి, పొట్లంలో పొడి, పచ్చి వేపాకు, మూడూ విడివిడిగా నానబెట్టి వడగట్టాను. ఊదారంగు మందు కలుపుకున్నాను. అన్నీ చిన్న సీసాల్లో పోసి, నల్లగుడ్డ చుట్టి, టిఫిన్ క్యారేజీలో పెట్టుకుని మళ్ళీ పెనుగొలను వైపు గంపలగూడెం ఆటో ఎక్కాను. ఆటో గుంటలో పడ్డప్పుడల్లా క్యారేజీ ఒళ్ళోకి హత్తుకున్నాను. ఎదురుగా ఏ అంబులెన్సు వచ్చినా అందులో మా అక్కే ఉందనిపించింది.

నాలుగు ట్యూబులు

అక్క అరుగు మీదే కూర్చుని ఉంది. దేవుడికి స్తోత్రం అనుకున్నాను. సునీతని పిలిచి ఇవి విషం, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, అక్క ముందు పీట వేసి నాలుగు ట్యూబులు నిలబెట్టాను. నాలుగింట్లోనూ ఊదారంగు మందు ఒకే కొలతగా పోశాను. మొదటిదాంట్లో ఏమీ కలపలేదు. రెండోదాంట్లో ఆమె తాగుతున్న పొడి రసం వేశాను. మూడోదాంట్లో రిపోర్టు రాసినప్పటి పొట్లం రసం వేశాను. నాలుగోదాంట్లో వేసింది ఏమిటో చెప్పలేదు. అన్నిటినీ ఖాళీ బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను.

"ఏం చేస్తున్నావే?" అంది అక్క.

"ఆ రోజు చేసిన టెస్టే. నీ కళ్ళతో చూడు. అరగంట."

ఇరవై ఎనిమిదేళ్ళలో ఎన్ని అరగంటలు గడిపానో. టీ తాగాను, సెల్లు చూసుకున్నాను, చీరల గురించి మాట్లాడుకున్నాం. ఆ అరగంట మాత్రం అక్క మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. మూతి వంకరపోతోందా, మాట తడబడుతోందా, చెయ్యి పడిపోతోందా అని చూస్తూ కూర్చున్నాను. ఆమె ఒకసారి గ్లాసు అందుకోబోయి జారవిడిస్తే నేను అరిచేశాను. తడి చెయ్యి జారిందే, ఎందుకట్టా అరుస్తావు అంది.

మూత తీశాను. మొదటి ట్యూబు ఊదాగానే ఉంది. అక్క తాగుతున్న పొడిది రంగు కాస్త పలచబడింది, అంతే. మూడోది, నాలుగోది పసుపు తిరిగి ఒకేలా ఉన్నాయి.

అక్క ముందుకి వంగి చాలాసేపు చూసింది. "నేను తాగేది ఇది కదూ?" అని రెండోదాన్ని చూపించింది. అవునన్నాను.

"నువ్వు సంతకం పెట్టింది ఇది." మూడోది. అవునన్నాను.

"ఇది?"

"ఉత్త వేపాకు."

నేను ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ ఇంట్లో నాకంటే ముందు పుట్టింది ఆమె. "మినుముల్లో వేసినట్టు వేశావా?" అంది.

"వేశానక్కా. పురుగు పడుతుంటే."

"ఏరలేదా?"

"ఏరాను. ఆకు వచ్చింది."

"నలిగింది రాదు," అంది అక్క నెమ్మదిగా. "చాటలో చెరిగినా పోదు. అమ్మ పప్పు ఎన్నిసార్లు చేదెక్కలేదూ?"

ట్యూబులు చూసి నమ్మిందో, మా అమ్మ పప్పు తలుచుకుని నమ్మిందో నాకు తెలియదు. సునీత చేత మాత్రల డబ్బా తెప్పించుకుని, నా ఎదురుగానే మాత్ర వేసుకుంది. బైబిల్లోంచి జిరాక్సు తీసి నాకిచ్చింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మర్నాడు డాక్టరు కూడా చూశాడు, ఇంకో మాత్ర కలిపి రాశాడు. ఇంకో వారం ఇలాగే వదిలేసి ఉంటే నా దాకా వచ్చేవాళ్ళు కాదు అన్నాడు. శ్రీనివాసుకి ఆ అంకె తప్పని, డబ్బా మీద తీసెయ్యమని నా పేరు మీదే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. ఇప్పటికీ జవాబు లేదు.

వేపాకు వెయ్యకపోయినా నేను తప్పించుకునేదాన్ని కాదని కూడా ఇక్కడే చెప్పాలి. అంకె నిజంగానే అంత గొప్పగా వచ్చి ఉన్నా, అది అక్క బీపీని ఒక్క గీత కూడా తగ్గించేది కాదు. ఆ సంగతి ఒక్క వాక్యం రిపోర్టు అడుగున రాసి ఉంటే ఆ డబ్బా మీద ఆ మూడు మాటలు వెయ్యడానికి కాస్తయినా జంకేవాళ్ళు. పార్టీ అడగలేదని రాయకపోవడం వేపాకు కంటే పెద్ద తప్పు.

మిగతా ఇళ్ళు

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన సాయంత్రమే అక్క చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. "పద. ఎనిమిది ఇళ్ళున్నాయి. నా చేత చెప్పించింది నువ్వే, ఇప్పుడు నీ నోటితో నువ్వే చెప్పు" అంది. నడవొద్దంటే వినలేదు.

ప్రతి ఇంట్లోనూ కుర్చీ వేశారు, నీళ్ళిచ్చారు. ప్రతి ఇంట్లోనూ నిలబడే చెప్పాను. నేను టెస్టు తప్పు చేశాను, పొడి ఆపెయ్యండి, మాత్రలు మానొద్దు అని. ఇద్దరు మాత్రలు మానేసి ఉన్నారు. ఒకావిడ నవ్వింది, ఒకావిడ తలుపు వేసుకుంది. ఒక ముసలాయన, "పోనీలే అమ్మా, పొరపాటు ఎవరికైనా వస్తది" అన్నాడు. ఆ మాటకి నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

ఆఖరి ఇల్లు సామ్రాజ్యం అనే ఆవిడది. నలభై ఏళ్ళుంటాయి, కూలి నుంచి అప్పుడే వచ్చి మొహం కడుక్కుంటోంది. నాకు నీళ్ళిచ్చి, నేను చెప్పిందంతా కదలకుండా విన్నది. లోపలికి వెళ్ళి పొడి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఈసారి ప్లాస్టిక్ కవరులో మడత పెట్టిన కాగితం ఒకటి తెచ్చింది. మా ల్యాబు కాగితమే. వాళ్ళ వీధిలో బోరు నీళ్ళు తాగడానికి పనికొస్తాయని రాసి ఉంది. కింద నా సంతకం.

"మరి ఇది కూడా ఒకసారి చూడండమ్మా," అంది. "మా పిల్లలు పుట్టినకాడ్నించి ఈ నీళ్ళే తాగుతున్నారు."

ఆమె గొంతులో కోపం లేదు. ఎదురు చూస్తోంది. సంతకం నాదే. తేదీ చూశాను. ఆ రోజు గుర్తు రాలేదు. ఆ నెల కూడా గుర్తు రాలేదు. ఆ నీళ్ళు ఎవరు తెచ్చారో, ఏ సీసాలో తెచ్చారో, నేను ఎన్నిసార్లు చేశానో ఒక్కటీ గుర్తు రాలేదు. బాగానే ఉంటాయమ్మా అనబోయి ఆగాను.

ఆ నీళ్ళు మళ్ళీ పరీక్ష చేయిస్తానని చెప్పి, ఖాళీ సీసా ఉంటే ఇవ్వమన్నాను. ఆమె తెచ్చి కడగబోతే వద్దని నేనే తీసుకుని, బోరు దగ్గరికి వెళ్ళి ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచాను. పట్టబోతే తడి సీసా చేతిలోంచి జారబోయింది. అక్క వచ్చి నా చేతుల మీదుగా సీసా పట్టుకుంది. సామ్రాజ్యం బోరు కొట్టింది. నిండాక మూత బిగిస్తుంటే ఆమె బోరు పిడి వదలకుండానే అడిగింది.

"మీరు చెప్పేదాకా మరి ఏ నీళ్ళు తాగమంటారమ్మా?"